పద్నాలుగు చేతులు లేవాలి

గల్ఫ్‌లో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఆ రెండంతస్తుల విల్లాలో ఒక పార్లమెంటు నడుస్తోందని దారిన పోయేవాళ్లకు తెలియదు. పద్నాలుగు మంది తెలుగు బ్యాచిలర్లు, అందరికీ ఐకాడ్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు, అందరికీ కలిపి ఒకటే మెస్. ప్రతి నెలాఖరు సాయంత్రం హాల్లో చాప పరుచుకుని వచ్చే నెల బడ్జెట్ పెడతారు. పద్నాలుగు చేతులూ లేస్తేనే అది పాసైనట్టు. ఒక్క చెయ్యి మొండికేసినా కిరాణా లేదు, వంటమనిషికి జీతం లేదు, ఏమీ లేదు. ఎవడో మహానుభావుడు పెట్టిన రూలు ఇది. పెట్టినవాడు ఎప్పుడో ఊరెళ్లిపోయాడు, రూలు మాత్రం వీళ్ల నెత్తిన కూర్చుంది.

ఆ మెస్‌లో వండిపెట్టేది నాగదుర్గ. కాకినాడ పక్క పల్లె. పక్కవీధిలో మరో ముగ్గురు ఆడవాళ్లతో గది పంచుకుని, తెల్లారకుండానే వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. వంటమనిషికి రెండేళ్లకోసారి ఊరెళ్లి రావడానికి టికెట్ పెట్టడం మెస్ ఆనవాయితీ. ఈసారి ఆ టికెట్ నవంబరు బడ్జెట్‌లో ఉంది. నెల నడుమ ఆమె కూతురు సత్యకుమారికి నెలలు నిండుతాయి. తొలిచూలు. తొలి పురుడు తల్లి చేతుల మీద జరగాలి, ఇందులో రెండో మాట లేదు. వీసా ఇచ్చిన కఫీల్ సెలవిచ్చేశాడు. సొంతంగా టికెట్ కొనుక్కుందామంటే అక్టోబరు జీతం కూడా ఆ బడ్జెట్‌లోనే ఇరుక్కుని ఉంది.

ఆ అక్టోబరంతా మనవాళ్లకు అమెరికాను చూసి నవ్వుకోవడమే సరిపోయింది. అక్కడ ఖర్చుల బిల్లు పాసవక సర్కారు మూతపడిందని ఫోన్లలో వార్తలు చూసి, అంత పెద్ద దేశానికి ఆమాత్రం ఇంగితం లేదా అని ముక్కున వేలేసుకున్నారు. ముక్కు మీద వేలు అలా ఉండగానే నెలాఖరు వచ్చింది. కింది అంతస్తు నాయకుడు భార్గవ్ హాల్లోకి పెద్ద టీవీ కావాలన్నాడు. పైఅంతస్తు నాయకుడు, నెల్లూరాయన ఖాదర్ హుస్సేన్, మేడ మీదికి వాషింగ్ మెషిన్ కావాలన్నాడు. ఒకరిది పెడితే రెండోవాళ్లు చెయ్యెత్తరు. రెండూ పెడితే డబ్బు చాలదు. రెండూ తీసేద్దామన్న మాట మాత్రం ఒక్కడి నోట రాలేదు. కులం కాదు, మతం కాదు, జిల్లా కాదు, కొట్టుకోవడానికి వాళ్లకు ఒక మెట్లవరస చాలింది.

ఒకటో తారీకున మెస్ మూతపడింది. మూతపడిందన్నారే గానీ ఆకలి మూతపడదు కదా. దానికీ భార్గవ్ అమెరికా నుంచే మందు తెచ్చాడు.

"అక్కా, సర్కారు బంద్ అయినా అత్యవసర సిబ్బంది పని చెయ్యాలె. జీతం తర్వాత ఇస్తరు. మా మెస్‌ల అత్యవసర సిబ్బంది అంటే నువ్వే."

"మరి టికెట్టండి?"

"అది బడ్జెట్ పాసైనంక."

నాగదుర్గను అత్యవసరం చేసే తీర్మానానికి పద్నాలుగు చేతులూ టక్కున లేచాయి. ఆమెకు ఒళ్లు మండింది. అయినా ఇంతమందిని ఎదిరించి టికెట్ పోగొట్టుకోవడం ఇష్టం లేక, "ఆయ్, అలాగేనండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మిగిలిన బియ్యం, కందిపప్పుతో రెండు పూటలా పప్పుచారు కాచింది. నాలుగో రోజుకే పైఅంతస్తు వాళ్లు లుంగీ మడతలో గుడ్లు తెచ్చి, కిందివాళ్లకు తెలియకుండా వేయించి పెట్టమన్నారు. ఆరో రోజు కిందివాళ్లు డబ్బా చేపలు తెచ్చి, పైవాళ్లకు వాసన పోకుండా వండమన్నారు. చేపల వాసన మెట్లెక్కకుండా ఆపడం ఎలాగో వాళ్లకే తెలియాలి. అందరికీ వండింది. చెయ్యి తుడుచుకున్నప్పుడల్లా ఒక్కొక్కరినీ అడిగింది.

"ఈపూటైనా తేల్చెయ్యండి బాబూ. పిల్ల ఎదురుచూస్తందండి."

"మాదేముందమ్మా, వాళ్లు దిగొస్తే మేం రెడీ" అని పైవాళ్లు. అదే మాట కిందివాళ్లూ అన్నారు.

పదమూడో తారీకు వార్తల్లో అమెరికా సర్కారు తెరుచుకుందని చెప్పారు. మనవాళ్ల పరువు పోయినంత పనైంది. అమెరికాయే తెరుచుకున్నాక మనం మూసుకుని కూర్చుంటే ఏం మర్యాద? ఆ సాయంత్రమే చాప పరిచారు. చిన్న టీవీ, పాత వాషింగ్ మెషిన్ అని రాజీపడ్డారు. భార్గవ్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు, వెనకాల ఖాదర్ హుస్సేన్, వాళ్ల వెనక మిగతా సభంతా. పొయ్యి మీద పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది.

"ఖలాస్ అక్కా, పాసయింది. రేపే నీ టికెట్ బుక్ చేస్త. నీ బిడ్డ పురుడికి పోయి రా."

నాగదుర్గ వాళ్ల వైపు తిరిగింది. గరిటె పక్కన పెట్టింది.

"పురుడైపోయిందండి. పొద్దున్నే. ఆడపిల్ల. మా వియ్యపురాలు దగ్గరుందండి. నేను ఫోన్లో విన్నాను."

భార్గవ్ తల వంచుకుని పక్కకు జరిగాడు. ఖాదర్ హుస్సేన్ మాత్రం ముందుకొచ్చాడు, సమస్య కనిపిస్తే పరిష్కారం చెప్పకుండా ఉండలేని మనిషి.

"మాషా అల్లా, మంచి కబురమ్మా. అయితే ఇంక తొందరేముండాది? పురుడు అయిపోయిండాదే. ఇప్పుడు టికెట్లు మండిపోతా ఉండాయి. నీ టికెట్ జనవరికి పెట్టుకుందాం. ఈ డబ్బు కలిపితే పెద్ద టీవీ వస్తాది, కొత్త మెషినూ వస్తాది."

పైఅంతస్తు కిందిఅంతస్తు వైపు చూసింది. రెండు వారాలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులు ఒకరికొకరు తలూపుకున్నారు. చర్చ లేదు, సవరణ లేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డచోటే పద్నాలుగు చేతులూ లేచాయి.

నాగదుర్గ ఆ చేతులను ఎంచుతున్నట్టు ఒకటొకటిగా చూసింది. కూతురికి ఎప్పుడొస్తానని చెప్పాలో ఆమెకు తోచలేదు. ఇన్నేళ్లు వీళ్లకు వండిపెట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కుని, మేకుకున్న సంచి తీసుకుంది.

"అమ్మా, అన్నం?" అన్నాడు ఖాదర్ హుస్సేన్, ఎత్తిన చెయ్యి దించకుండానే.

"సగం ఉడికిందండి. మిగతాది మీరు తీర్మానం చేసుకోండి."

చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయింది. సభ్యులందరూ గిన్నె చుట్టూ మూగారు. పద్నాలుగు మందిలో గంజి వార్చడం ఒక్కడికీ రాదు.