అంటించిన రంగు బొట్టు

మా మామయ్య పాత పిన్‌బాల్ మిషన్ల పెట్టెలకి రంగులేస్తాడు. గాజు కింద ఉక్కు గుండు దొర్లుతుంటే, రెండు పక్కలా బటన్లు నొక్కి దాన్ని గుంటలో పడకుండా ఆపే ఆట అది. లోపలి తీగలూ బల్బులూ వేరేవాళ్లు చూసుకుంటారు. మాది బయటి చెక్కపెట్టె, దాని మీది బొమ్మలు. పాత రంగు గీకి, ఒళ్లంతా ఒక రంగు కొట్టి, బొమ్మ ఆకారంలో కోసిన స్టెన్సిల్ షీటు పరిచి, దాని మీద ఇంకో రంగు కొట్టాలి. ఎన్ని రంగులుంటే అన్ని షీట్లు.

మూడేళ్లుగా నా పని గీకడమే. నేను గీకిన పొడంతా పోగేస్తే మా వీధి పక్కన ఇంకో వీధి వేయచ్చు. రంగు చిమ్మే స్ప్రే గన్ జోలికి మామయ్య మాత్రం నన్ను రానిచ్చేవాడు కాదు. దానికి కారణం ఉంది, అది నేనే.

ప్లాస్టిక్ కవరు మీద రంగు బొట్టు వేసి, పుల్లతో తోక సాగదీసి, ఎండాక బ్లేడుతో ఊడదీస్తే అచ్చం కారిన రంగులాగే ఉంటుంది. వెనక చిటికెడు గమ్ము రాసి, మామయ్య పూర్తిచేసిన పెట్టెకి అంటించేదాన్ని. మొదటిసారి చూసినప్పుడు ఆయన స్టూలు మీద కూర్చుని పదిహేను నిమిషాలు రెప్ప వేయలేదు. గోడ మీద బల్లి వచ్చి ఆయన్ని పరామర్శించి వెళ్లింది. పదకొండుసార్లయ్యాక ఆయనకి అలవాటైంది. బొట్టు కనబడితే గోటితో టక్కున ఎగరగొట్టి, నా వైపు చూడకుండానే "కోతీ, చెత్తబుట్టలో వెయ్యి" అనేవాడు.

కిందటి నెల ఒక వాచీ రిపేరాయన తన మిషన్ తెచ్చాడు. కుర్రతనంలో రోజూ ఆడిన మిషనే వెతికి మరీ కొనుక్కున్నాడట. మీగడ రంగు పెట్టె, ఒక్కో పక్కన ఒక ఎర్ర రాకెట్, దాని చుట్టూ ఆరు నీలం నక్షత్రాలు.

"కుడిపక్క నువ్వు కొట్టు," అన్నాడు మామయ్య. "బాగా వస్తే గన్ నీది. రాకపోతే నాకు పళ్లూడేదాకా గీకుతూ ఉండు."

"ఇప్పటికే నాలుగు ఊడాయిగా మామయ్యా."

"అందుకే చెప్తున్నా. ఇంకా ఇరవై ఎనిమిదున్నాయి."

మీగడ రంగు కుదిరింది. ఎరుపు కుదిరింది. నీలం కొట్టేటప్పుడు ఆరో నక్షత్రం దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగి, రంగు ఎక్కువ పడింది. స్టెన్సిల్ ఎత్తగానే ఆ నక్షత్రం కింది మొన నుంచి ఒక బొట్టు బయల్దేరి, తీరిగ్గా రాకెట్ మీదికి నడిచి ఆగింది. పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. లోపలిదాకా ఎండాక బ్లేడుతో చెక్కి, సన్న గరుకు కాగితంతో రుద్దితే ఆనవాలు ఉండదు. మర్నాడు మధ్యాహ్నానికి ఎండుతుందని లెక్కేశాను. మామయ్యకి చెప్పలేదు.

పొద్దున నేను వచ్చేసరికి ఆయన అప్పటికే పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. మొహంలో పన్నెండోసారి గెలిచినవాడి నవ్వు.

"మామయ్యా, అది..."

టక్.

పైపొర చిరిగింది. లోపలి పచ్చి రంగు రాకెట్ పొట్ట మీద జానెడు పొడుగున పరుచుకుంది. మామయ్య తన గోటిని చూసుకున్నాడు. నీలంగా ఉంది.

"ఇది నిజందా?" అన్నాడు.

"నిజందే."

"మరి చెప్పవేం?"

"చెప్తే గన్ ఇవ్వవుగా."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. బల్లి కూడా వచ్చింది.

"వాచీ ఆయన నాలుగింటికి చూడ్డానికొస్తాడు," అన్నాడు. "దాని మీద ఇంకో నక్షత్రం కొట్టేద్దాం. షీటు ఉందిగా."

మామయ్య నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. స్కేలు పెట్టి కొలవకుండా దుప్పటి కూడా పరుచుకోని మనిషి. నా చేతిపని మూలంగా ఈయన దొంగపనికి దిగుతున్నాడని అర్థమై, మొదటిసారి నాకు కొంచెం సిగ్గేసింది.

"వద్దు మామయ్యా. ఆయన ఆవగింజంత స్క్రూలు లెక్కపెట్టుకుని బతికే మనిషి."

నాలుగింటికి ఆయన వచ్చాడు. జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. ఎడమపక్క మామయ్య కొట్టిన నక్షత్రాలు వేలితో లెక్కపెట్టాడు. ఆరు. మామయ్య నావైపు చూశాడు. వాచీ ఆయన కుడిపక్కకి తిరగకముందే నేను అడ్డం వెళ్లాను.

"అటు పాడైందండీ. రంగు కారింది, కొట్టింది నేను. కారిందని దాచిందీ నేనే."

"గోరు నాది," అన్నాడు మామయ్య, వేలు చూపిస్తూ.

వాచీ ఆయన భూతద్దంలోంచి రాకెట్‌ని చూశాడు, తర్వాత వేలిని, తర్వాత నన్ను.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఐదు రోజులు. మొత్తం గీకి మళ్లీ కొడతా," అన్నాను.

"నలభై ఏళ్లు ఆగాను. ఐదు రోజులకి చచ్చిపోను," అని భూతద్దం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఐదు రోజులూ గీకిందీ నేనే, కొట్టిందీ నేనే. మామయ్య వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంటూ. ఆరో నక్షత్రం శుభ్రంగా వచ్చింది. వాచీ ఆయన ఆరూ లెక్కపెట్టి, మిషన్‌ని బండెక్కించుకుపోయాడు.

ఆ సాయంత్రం మామయ్య గన్ కడిగి నా చేతికిచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు.

"దొంగ బొట్లు అంటించుకో, నీ ఖర్మ. కానీ ఆకుపచ్చవే అంటించాలి. మన దగ్గరికి ఆకుపచ్చ పెట్టె ఎప్పుడూ రాలేదు. ఆకుపచ్చ కనబడితే నీది, ఇంకేదైనా నిజం."

సరేనన్నాను.

నిన్న ఫోనొచ్చింది. వచ్చే వారం ఒక మిషన్ తెస్తారట, పెట్టె మీద అడవి బొమ్మట. మామయ్యకి మిషన్ వస్తోందని మాత్రమే చెప్పాను.