తీగ మీద ఎండదేశపు పిట్ట

తడి దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించి తీగ మీద వేసేసరికి, ఆ కొసన పిట్ట మళ్లీ వచ్చి కూర్చుంది. ఆకుపచ్చటి ఒళ్లు, తుప్పురంగు తల, తోక చివర దబ్బనాల్లాంటి రెండు ఈకలు. చలికి ఉబ్బి బంతిలా ఉంది.

ఆసుపత్రి మేడ మీద ఇరవై ఆరేళ్లుగా ఆమె దుప్పట్లు ఆరేస్తోంది. అందరూ దుప్పటమ్మ అంటారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. బట్టల సోడాలో నాని నాని వేళ్లు మొద్దుబారాయి. మొగుడు పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. ఇక్కడ బట్టలుతికే యంత్రాల హోరులో మాట్లాడినా వినబడదు. అలా నోరు మెదిపే అలవాటే తప్పింది.

నాలుగు రోజుల కిందట మూడో వార్డులో పక్క మారుస్తూ, పిట్ట సంగతి ఎందుకో నోరు జారింది. కిటికీ పక్క మంచం మీది ముసలాయన కళ్లజోడు సర్దుకుంటూ తల తిప్పాడు. నలభై ఏళ్లు ఓడల్లో గరిటె తిప్పినవాడు. వార్డంతా మాత్రం కెప్టెన్ అంటారు. తోక ఎలా ఉంది, ముక్కు ఎటు వంగింది అని గుచ్చి గుచ్చి అడిగాడు. అది ఎండదేశాల పిట్టట, ఇంత ఉత్తరానికి రాదట. ఆ రేవుల్లో తన వంటగది కిటికీ మీద వాలేదట. అప్పటినుంచి రోజూ ఆయన అడగడం, ఆమె చెప్పడం. ఇంటికి నడుస్తూ రేపటి మాటలు కూడబలుక్కునేది.

ఈ ఉదయం ఆయన ఊపిరిలో గురగుర వినిపించింది. పెదవులు నీలం తిరిగాయి.

"వచ్చిందా చెల్లెమ్మా?"

"వచ్చింది అన్నా. ముడుచుకుని కూర్చుంది."

"ఒక్కసారి చూస్తే బాగుండు."

ఏనాడూ గీత దాటని మనిషి, ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్లనా అని వెళ్లి నర్సమ్మను అడిగింది. నర్సమ్మ ముసలాయన వైపు చాలాసేపు చూసింది. తనకు మందుల గదిలో పావుగంట పని ఉందని చెప్పి, ఇంకో కంబళి తెచ్చి ఆయన భుజాల మీద కప్పి వెళ్లిపోయింది.

బట్టల బండిలో దుప్పట్లు మెత్తగా పరిచి ఆయన్ని కూర్చోబెడితే, దూదిమూటంత బరువైనా లేడు. లిఫ్టు పైకి చేరింది. మేడంతా పొగమంచు. తెల్లటి దుప్పట్లు నెమ్మదిగా ఊగుతుంటే, బండి ఎటు పోతోందో ఆమెకే తెలియలేదు.

"ఏ రేవుకొచ్చాం?" అన్నాడాయన.

ఆమె సముద్రం ఎన్నడూ చూడలేదు. "ఎండల రేవే అన్నా," అంది.

ఆవిరి గొట్టం వెచ్చదనానికి చేరిన ఈగ కోసం పిట్ట ఒక్కసారి ఎగిరింది. రెక్కల కింద రాగి మెరిసింది. తిరిగొచ్చి ఈగను తీగకేసి టక్ టక్‌మని కొట్టి మింగింది. ఆయన చప్పుడు లేకుండా నవ్వాడు.

"దారి తప్పలేదు చెల్లెమ్మా. చోటు వెతుక్కుంటోంది."

మధ్యాహ్నం ఆమె వార్డుకి వెళ్లేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. నిద్రలోనే పోయాడంది నర్సమ్మ. పక్క తీసే పని ఎవరికీ ఇవ్వలేదు. తానే తీసింది, అంచులు కలిపి, నిదానంగా.

సాయంత్రం బట్టలు తీయడానికి పైకి వెళ్లింది. తీగ మీద పిట్ట లేదు. పిట్టగోడ మీద, పొద్దున ఆయన కాడలు మడిచి పెట్టిన కళ్లజోడు ఉంది. అద్దాల మీద మంచు అప్పుడే సన్నగా పడుతోంది.