మూడక్షరాల బరువు

పొద్దున ఆరింటికి పటాన్‌చెరు ఫ్యాక్టరీ కూత వినపడగానే కర్దనూర్‌లో పొయ్యిలు రాజుకుంటాయి. ఏడింటికల్లా సద్దిగిన్నెలు పట్టుకొని పనోళ్లు రోడ్డెక్కుతారు. ఎనిమిదింటికి పెంటయ్య దుకాణం తెరిచి, దూలానికి వేలాడే పెద్ద తరాజును తడిగుడ్డతో తుడుస్తాడు. ఒకప్పుడు దాని మీద జొన్న బస్తాలు తూచేవాడు. రెండేళ్లుగా వానల్లేవు, తూచడానికి జొన్నలూ లేవు. ఇక మిగిలింది పేర్లు తూచే పనే.

ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా ఇరవై ఒకటో దినాన అక్కడికే తెస్తారు. ఒక పళ్లెంలో పాత చీర పరిచి బిడ్డను పడుకోబెడతారు. ఖాళీ పళ్లెం మీదికి వంగి, అనుకున్న పేరు చెబుతారు. పేరుకెంత బరువుంటే ఆ పళ్లెం అంత దిగుతుంది. చాలమ్మ, చిట్టెమ్మ లాంటి పేర్లకు ఆవగింజంత బరువుండదు. పళ్లెం కదలదు, ఆడపిల్ల నేల విడవదు. అప్పుడైనా, రెండు పళ్లేలు సమానంగా తూగినా "కుదిరింది" అని బెల్లం పంచుకొని ఇంటికి పోతారు.

ఆ రోజు వంతు ముత్యమ్మది. ఎనిమిదో నెల దాకా కొత్త ఫ్యాక్టరీ గోడలకు ఇటుకలు మోసి బిడ్డను కన్నది. పక్కన అత్త బక్కమ్మ, చేతిలో చాటెడు తవుడు. వెనక నాగేశ్వరి. భీమవరం వైపు నుంచి వచ్చి, ముత్యమ్మ ఇంటి ముందు గదిలో కిరాయికుంటున్న ఫిట్టర్ భార్య ఆమె.

"పెంటమ్మ అని పెట్టు" అంది బక్కమ్మ. "పెంటకుప్ప మీద పండబెట్టి, తవుడిచ్చి నేనే కొనుక్కుంట. పారేసిన పిల్లను చావు ఏరుకోదు. మొదటిదానికి రత్నమాల అన్నవ్. ఏమైంది? నలభై దినాలు నిండలే."

ముత్యమ్మ బిడ్డ మీది గుడ్డను సర్దింది.

"నాకూ గట్లనే పెట్టిన్రు వదినా" అన్నాడు పెంటయ్య గొలుసులు సర్దుతూ. "చావు రాలే, నిజమే. బడిల చేర్చిననాడు పంతులు మాత్రం ముక్కు మూసుకున్నడు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ముత్యమ్మ నవ్వలేదు. కడుపుతో ఉన్నప్పటి నుంచీ ఒక పేరును కొంగున ముడేసుకున్నట్టు దాచుకొని తిరుగుతోంది. "ఓడిపోనిదానికి మీ పుస్తకాలల్ల పేరేమున్నది నాగేశ్వరమ్మా?" అని అడిగితే, నాగేశ్వరి రెండు రోజులు ఆలోచించి చెప్పిన పేరు.

బిడ్డను పళ్లెంలో పడుకోబెట్టి, రెండో పళ్లెం మీదికి వంగింది.

"అజేయ."

దబ్బుమని పళ్లెం నేలకు కొట్టుకుంది. దుమ్ము లేచింది. గొలుసులు కిర్రుమన్నాయి. బిడ్డ పళ్లెం గాలిలోకి లేచి, అందరి తలల మీదుగా వెళ్లి దూలం కింద ఆగింది.

"మూడక్షరాలకు ఇంత బరువా!" పెంటయ్య నోరు తెరిచాడు.

"అయ్యో, నా పిల్ల!" బక్కమ్మ చాట కింద పెట్టి చేతులు చాచింది, అందలేదు. "ఆ పేరు మోయలేక సస్తది! తీసెయ్ పెంటయ్యా, జల్దీ తీసెయ్!"

నాగేశ్వరి ముఖం పాలిపోయింది. "తేలికైంది ఇంకోటి చూద్దామమ్మా. సుధ అనో, లత అనో..."

"ఆగున్రి." ముత్యమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి తరాజు ముందు నిలబడింది. "పెంటయ్య మామా, రత్నమాలను తూచింది నువ్వే గదా. ఎట్ల తూగింది?"

"సరిసమానం. వెంట్రుక వాసి తేడా లేదు."

"అందరు కుదిరిందన్నరు. బెల్లం తిన్నరు. మరి నా బిడ్డ ఎందుకు పోయింది? పేరు బరువుకు పోలే అత్తా, జ్వరానికి పోయింది. సంగారెడ్డి దవాఖానకు తీస్కపోను బండి దొరకక పోయింది. నా ఒళ్లోనే పోయింది, నాకు తెల్వదా?"

ముత్యమ్మ పెంటయ్య వైపు తిరిగింది.

"ఇంకొకటి చెప్పున్రి. పోయిన నెల ఐలన్న కొడుక్కు చక్రవర్తి అని పెట్టిన్రు. వాని పళ్లెం గూడ గిట్లనే దూలం దాకా లేచింది. అప్పుడేమన్నరు?"

పెంటయ్య తల గోక్కున్నాడు. "పోరడు పైకొస్తడు అన్నం."

"పోరడు లేస్తే పైకొచ్చినట్టు. పోరి లేస్తే పేరు కుదరనట్టు! ఒక్క తరాజుకు రెండు న్యాయాలా మామా? సూడున్రి, పేరు దాన్ని తొక్కుతున్నదా, లేపుతున్నదా? తేలిక పేర్లు పెట్టి పెట్టి మనమే ఆడపిల్లలను నేలకు ఆనిచ్చి కూసోబెట్టినం. మొదటి దినం నా తల మీద తొమ్మిది ఇటుకలు పెడితే మెడ విరిగిందనుకున్న. ఇప్పుడు పదహారు మోస్త. బరువు సంగతి నాకు చెప్పకున్రి!"

పెంటయ్య తుడిచే గుడ్డను భుజాన వేసుకొని, చేతులు కట్టుకున్నాడు. పేరు తీసేవాడిలా కనిపించలేదు.

అందరూ బక్కమ్మ వైపు చూశారు. బక్కమ్మ పైకి చూస్తోంది. ఆమెకు ముగ్గురు కూతుళ్లు, ఇద్దరు చెల్లెళ్లు. అందరినీ వంగి ఎత్తుకుందే తప్ప, ఒక ఆడపిల్ల ముఖం చూడటానికి మెడ ఎత్తడం ఆమెకు ఇదే మొదలు. పైనున్న బిడ్డ ఏడవడం లేదు. పిడికిలి నోట్లో పెట్టుకొని, దుకాణాన్నంతా తన సొంతంలాగా పరికిస్తోంది.

"మొండిది" అంది బక్కమ్మ మెల్లగా. "తల్లి పోలికే." తవుడు చాటను కాలితో పక్కకు నెట్టింది. చేతులు పైకి చాపి పిలిచింది. "అజేయా... దిగు బిడ్డా. పాలు తాగుదువు."

పళ్లెం దానంతట అదే, తొందరేమీ లేకుండా, ఆమె చేతుల్లోకి దిగింది.

పెంటయ్య బెల్లం పంచాడు. ముత్యమ్మ బిడ్డను రొమ్ముకు హత్తుకొని, నిటారుగా, నెత్తిన పదహారు ఇటుకలతో నడిచే నడకతో గడప దాటింది. వీధిలో ఉన్నవాళ్లకు అడగకముందే పేరు చెప్పింది, రెండుసార్లు. నాలుగడుగులు వేశాక చూస్తే అత్త వెంట లేదు. వెనక్కి వచ్చింది.

బక్కమ్మ పళ్లెంలో బాసింపట్టు వేసుకోబోయి, కుదరక, కాళ్లు నేలకు ఆనించి కూర్చుంది. రెండో పళ్లెం పక్కన నాగేశ్వరి కంగారుగా నిలబడి ఉంది.

"ఇదేంది అత్తా?"

"నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టంగ అందరు సూసిన్రు" అంది బక్కమ్మ. "మనుమరాలి పేరు నాయనమ్మకు పెడితే వద్దనేటోడెవడు? పుట్టంగనే సన్నగున్ననని బక్కమ్మ అన్నరు. అరవై ఏండ్లు గదే మోసిన. చెప్పు నాగేశ్వరమ్మా, జెర గట్టిగ చెప్పు."

నాగేశ్వరి వంగి చెప్పింది.

నాట్ల బురదలో పగిలిన ఆ రెండు పాదాలు ముందు మడమలు లేపాయి, తర్వాత వేళ్లు. గొలుసులు పట్టుకొని బక్కమ్మ కిందికి చూసుకుంది. నేల జానెడు దూరంలో ఉంది.

"ఇంకోపాలి" అంది.