చప్పట్ల బాబాయ్ ఊరుకున్న రోజు

పంపుహౌసులో పనిచేసే ఆయనకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుండేది. నగరపాలక కార్యాలయంలో అది ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన చప్పట్ల బాబాయే. మేయరు ఏటా చేసే ప్రగతి ప్రసంగానికి సిబ్బందిని తెచ్చి హాల్లో కూర్చోబెడతారు. ఎక్కడ చప్పట్లు కొట్టాలో కాగితం మీద చుక్కలు పెడతారు. చుక్క రాగానే మొదట బాబాయ్ కొడతాడు, ఆ వెనక హాలంతా అందుకుంటుంది. వాల్వులు తిప్పి తిప్పి ఆయన అరచేతులు పలకల్లా తయారయ్యాయి. ఒక్కసారి చరిస్తే వెనక వరుసలో కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడి కొట్టాల్సిందే.

ఈసారి కాగితం ఆ ఉదయమే చేతికొచ్చింది. హాలు మెట్ల మీద నిలబడి చుక్కలు వెతుక్కుంటూ నాలుగో పేజీ దగ్గర ఆయన ఆగిపోయాడు. 'తూర్పు వార్డు ఆసుపత్రిని పెద్దాసుపత్రిలో కలిపి, ప్రజలకు మెరుగైన సేవలు అందించబోతున్నాం.' పక్కనే పెద్ద చుక్క.

తూర్పు వార్డు ఆసుపత్రి అంటే ఆయన వీధి చివరి రెండు గదులు. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన ఆయన భార్యని అక్కడి నర్సమ్మే గోడకున్న కమ్మీ పట్టించి, తిట్టి, బుజ్జగించి మళ్లీ అడుగు వేయించింది. ఇంకా వేయిస్తోంది. మానేస్తే కాలు మళ్లీ బిగుసుకుపోతుందట. పెద్దాసుపత్రికి పోవాలంటే రెండు బస్సులు మారాలి.

ఆయన మేయరు కార్యదర్శి దగ్గరికి పరిగెత్తాడు.

“సార్, ఈ చుక్క ఒక్కటి తీసెయ్యకూడదా?”

“చుక్క తీస్తే ఆసుపత్రి నిలుస్తుందా బాబాయ్? నిర్ణయం అయిపోయింది.” కార్యదర్శి చెడ్డవాడు కాదు, పొద్దున్నించీ కుర్చీలు, మైకుల మధ్య బొంగరంలా తిరుగుతున్నాడు. “చప్పట్లు పడందే మేడమ్ తర్వాతి మాటకి పోరు, తెలుసుగా. నా పరువు నీ చేతుల్లో ఉంది.”

“మా ఆవిడ కాలూ ఆ చేతుల్లోనే ఉంది సార్.”

కార్యదర్శి వినీ విననట్టు మైకు దగ్గరికి వెళ్లిపోయాడు.

బాబాయ్ తన కుర్చీలో కూర్చుని మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఏం అడగాలో తోచలేదు. ఉద్యోగం ఇచ్చింది ఆయనే, మనిషిని మంచం మీంచి లేపిందీ ఆయనే. రెండింటినీ ఇలా ఎదురెదురుగా నిలబెట్టింది కూడా ఆయనేనా? అంతలోనే తప్పనుకుని నాలుక కరుచుకున్నాడు.

మేయరమ్మ మొదలుపెట్టింది. రోడ్లు, చప్పట్లు. వీధి దీపాలు, చప్పట్లు. తర్వాత ఆసుపత్రి. బాబాయ్ కొడదామనే అనుకున్నాడు. చేతులు ఒళ్లోంచి లేవలేదు.

ఆవిడ చిరునవ్వుతో ఆగింది. హాలు బాబాయ్ కోసం ఆగింది. ఎవరో దగ్గారు. ఆవిడ మైకు మీద వేలితో తట్టి, “వినపడుతోందా?” అంది.

“వినపడింది తల్లీ, అందుకే ఊరుకున్నాం,” అంది వెనకనించి, గదులు తుడిచే అవ్వ.

కొందరు నవ్వారు. మేయరమ్మ నవ్వలేదు. ఒకప్పుడు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, తరగతి ఎందుకు మూగబోతుందో తెలుసు. ఆ వాక్యాన్నే మళ్లీ, ఈసారి మెల్లగా, తనకి తాను చదువుకుంటున్నట్టు చదివింది. తలెత్తి ముందు వరుసలోకి చూసింది.

“ఏం బాబాయ్?”

ఆయన లేచాడు. “మా ఆవిడ అక్కడే నడక నేర్చుకుంటోందమ్మా. పెద్దాసుపత్రి దాకా రాలేదు.”

“బస్సుందిగా?” నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“ఉందమ్మా,” అన్నాడు. ఉన్నమాట లేదని ఎలా అంటాడు?

“రేపు ఉదయం నేనొస్తాను. ముగ్గురం ఆ బస్సులోనే వెళ్దాం,” అని ఆవిడ పేజీ తిప్పింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే భార్య గయ్యిమంది. “నలుగురిలో నా కాలు సంగతి ఎందుకు తీశారు? ఉద్యోగం ఊడితే నన్ను వీపున కట్టుకుని తిరుగుతారా?”



మేయరమ్మ అన్నట్టే వచ్చింది. బస్టాపులో భార్యకి ఒక పక్క ఆయన, ఇంకో పక్క ఆవిడ. బస్సు ఆగింది. మెట్టు మోకాలెత్తున ఉంది. కుడికాలు కొంచెం లేచి, వణికి, కిందికి దిగిపోయింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ దిగిపోయింది.

“ఎక్కుతారా లేదా అమ్మా? వెనక బళ్లు ఆగిపోయాయి!” కండక్టరుకి మేయరమ్మ ఎవరో తెలియదు.

“ఎక్కుతోందయ్యా, కాస్త ఆగు!” మేయరమ్మ తన భుజం ఆనించి పైకి నెట్టబోయింది. బాబాయ్ భార్య ఒరిగిపోతే ఇద్దరూ కలిసి పట్టుకున్నారు. ఈలోగా బస్సు కదిలిపోయింది.

రొప్పుతూ మేయరమ్మ అడిగింది, “ఇంకో బస్సు ఎప్పుడు పిన్నీ?”

“వస్తుంది తల్లీ. దానికీ ఇదే మెట్టు.”

మేయరమ్మ ఫోను తీసి కార్యదర్శితో మాట్లాడింది. “ప్రసంగం ఇంకా అచ్చుకి పోలేదుగా? ఆసుపత్రి పేరా కొట్టేయండి, ఆ కలపడం ఆపేద్దాం... లేదు, దాని బదులు ఏమీ రాయొద్దు. తలుపులు తీసి ఉంటే చాలు. కౌన్సిల్ సభ్యులు నన్నే తిట్టుకోనివ్వండి, నేను పడతాను.”

బాబాయ్‌కి కళ్లు చెమ్మగిల్లాయి. భార్య మాత్రం ఆయన చెయ్యి గుంజి, “పదండి, ఆలస్యమైతే నర్సమ్మ ఊరుకోదు,” అంది.

నిజంగానే ఊరుకోలేదు. “ఇదా రావడం? కమ్మీ పట్టుకో పిన్నీ!” అని గదమాయించి, గుమ్మంలో నిలబడిన మేయరమ్మని చూసి, “మీరెవరో గానీ కాస్త పక్కకి జరగండి, ఆవిడ నడవాలి,” అంది.

మేయరమ్మ గోడకి జరిగి నిలబడింది.