వెయ్యి పూసల గొలుసు

పిల్లల తగువులు తీర్చడంలో నాకు పేరుంది. ఆ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది గానీ, అబద్ధం మాత్రం కాదు. పద్దెనిమిదేళ్లుగా మూడేళ్లవాళ్లనీ ఆరేళ్లవాళ్లనీ ఒకే గదిలో పెట్టుకుని నెగ్గుకొస్తున్నాను. పెద్దవాళ్లను చూసి చిన్నవాళ్లు నేర్చుకుంటారు, చిన్నవాళ్లకు చూపిస్తూ పెద్దవాళ్లు గట్టిపడతారు. మాంటిస్సోరి బడి నడిచేదే అలా. మధ్యమధ్యలో జుట్టూ జుట్టూ పట్టుకుంటారు, అది వేరే సంగతి.

ఆ ఏడాది పెద్దపిల్లల్లో ఒకతె, ఎవరి చాప ఎక్కడ పరవాలో, ఎవరి వంతు ఎప్పుడో తనే తేల్చేసేది. మా ఆయా దానికి జడ్జిగారని పేరు పెట్టింది. శుక్రవారంతో మా దగ్గర దాని చదువు ఆఖరు, సోమవారం నుంచి పెద్దబడి. వెళ్లేలోపు వెయ్యి పూసల గొలుసు పూర్తిచేసి తీరాలని పట్టుబట్టింది.

ఆ గొలుసు పది మీటర్లుంటుంది. వరండా పొడవునా చాప పరిచి, గొలుసు సాగదీసి, ఒక్కో పూసా లెక్కపెడుతూ, ప్రతి పదికీ అంకె రాసిన చీటీ పెట్టుకుంటూ పోవాలి. మూడేళ్లప్పుడు ఈ పిల్లే ఆ చాప పక్కన నోరు తెరుచుకుని నిలబడి చూసేది. మంగళవారం మొదలుపెట్టింది. బుధవారం సాయంత్రానికి ఆరువందల నలభైకి చేరింది. పని మర్నాటికి ఉంచుకోవాలంటే పేరు రాసిన అట్ట పక్కన పెట్టడం మా పద్ధతి. పెట్టే వెళ్లింది.

గురువారం పొద్దున నేను గదిలో కిటికీలు తీస్తుంటే వరండాలోంచి ఏడుపు వినబడింది. వెళ్లి చూద్దును కదా, చాప చుట్టేసి ఉంది. గొలుసు బుట్టలో కుప్పగా పడి ఉంది. చీటీలన్నీ డబ్బాలో ఉన్నాయి. మూడున్నరేళ్ల పిడుగొకడు నేలమీద వెల్లకిలా పడి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. వాణ్ణి తోసిన జడ్జిగారు పిడికిళ్లు బిగించి నిలబడింది.

అప్పుడు నా నోటినుంచి ఓ మాట జారింది.

"పెద్దదానివి కదమ్మా. చిన్నవాడు, వాడికేం తెలుసు, పోనీలే."

మా ఇంట్లో ఐదుగురిలో నేనే పెద్ద. "పెద్దదానివి కదా" అన్న మాట అన్నంతోపాటు మింగి పెరిగినదాన్ని. ఆ మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అదే మాట ఈ పిల్లకు తినిపించాను.

అది నన్నో చూపు చూసింది. "అయితే నేనింక చెయ్యను" అని, పేరున్న అట్ట తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసి, గోడవైపు తిరిగి కూర్చుంది.

నా మీద నాకే కోపం వచ్చింది. కానీ తప్పటడుగు పడిందని నడక మానుకునే మనిషిని కాను. ఇద్దరినీ తీసుకొచ్చి ఎదురెదురుగా కూర్చోబెట్టి మధ్యలో చెక్కపువ్వు పెట్టాను. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి.

జడ్జిగారు పువ్వు లాక్కుంది. "రెండ్రోజులు చేశాను. నీది కాదు. ఎందుకు ముట్టుకున్నావు?"

వాడు ముక్కు చీదుకుని పువ్వు అందుకున్నాడు. తర్వాత నావైపు వేలు చూపించాడు.

"టీచర్ చెప్పింది. కింద ఏమున్నా తీసి దాని చోట్లో పెట్టాలని. నేను ఒక్కణ్ణే పెట్టాను. ఎవరూ సాయం చెయ్యలేదు."

ఆయా చీపురు పట్టుకుని అలాగే ఆగిపోయింది. బడికొచ్చి నెలైనా కాని ఆ పిల్లాడికి పోయిన వారమంతా నేను నూరిపోసింది ఆ ఒక్క పాఠమే. అట్టమీద పేరుంటే ముట్టుకోకూడదన్నది చెప్పలేదు. చెప్పినా చదవలేడు. అంత పొడుగు గొలుసునీ వాడు ఒంటిచేత్తో బుట్టకెక్కించాడంటే, నిజానికి మెచ్చుకోవాల్సిన పనే.

పువ్వు నేను తీసుకున్నాను. "తప్పు వీడిది కాదు, నాది. సగం పాఠం చెప్పి ఊరుకున్నాను. పోనీలే అన్నానే, అదింకో తప్పు. నీ పని పోనిచ్చేది కాదు."

జడ్జిగారు తీర్పు చెప్పడానికి టైము తీసుకుంది. చెత్తబుట్టలోంచి అట్ట తీసి, దులిపి, పేరు పక్కన ఓ చెయ్యి బొమ్మ గీసి దానిమీద అడ్డంగా గీత కొట్టింది.

"ఇది ఉంటే ముట్టుకోకూడదు. చూడొచ్చు. అయిపోయాక నేనే పిలుస్తా."

మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. సాయం చేస్తానని ఆయా అంటే వద్దంది. పిడుగు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, చాప అంచు తొక్కకుండా దాని వెంటే నడిచాడు. గురువారం మధ్యాహ్నం అన్నాలవేళ కూడా వాణ్ణి ఈడ్చుకెళ్లాల్సి వచ్చింది.

శుక్రవారం బడి వదిలే వేళకు ఆఖరి చీటీ పడింది. వెయ్యి. పిల్లలంతా మూగారు. జడ్జిగారి అమ్మ కూడా అప్పటికే గుమ్మంలో ఉంది. కూతురు పరుగెత్తుకొచ్చి చూపిస్తుందని ఎదురుచూసింది. నేనూ అదే అనుకున్నాను.

అది గుంపులో పిడుగు కోసం వెతికి, అట్ట తీసి జేబులో పెట్టుకుంది.

"రా. ఇప్పుడు సర్దు."

వాడు చేతులు విడదీసుకుని నావైపు చూశాడు. తలూపాను. ఒక్కో చీటీ ఏరి డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు. తొందరేం లేదు వాడికి. పిల్లలు వెళ్లిపోయారు. ఆయా కిటికీలు మూసింది. వాళ్లమ్మ గడియారం చూసుకుంది.

"ఆలస్యమవుతోందే. వాణ్ణి వదిలెయ్, మిగతాది టీచర్ చూసుకుంటారు."

జడ్జిగారు చాప పక్కన కదలకుండా కూర్చుంది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

"ఆగమ్మా. వాడి పని ఇంకా అవ్వలేదు."