వీరవేణి ఊతపదం

బుధవారం తెల్లారేసరికి, ఈ రెండేళ్ళలో మండపేటలో చనిపోయినవాళ్ళందరి గొంతూ ఒకటే అయిపోతుంది. గవర్రాజుకి ఈ సంగతి కాఫీ హోటల్లో తెలుస్తుంది. అప్పటికతను రెండిడ్లీల్లో ఒకటి తిన్నాడు. రెండోది కూడా తిని, చెయ్యి కడుక్కుంటాడు.

పోయినవాళ్ళు ఇంట్లో రోజుకు ఒకటి రెండు మాటలు మాట్లాడడం ఆ ఊళ్ళో కొత్తేమీ కాదు. పప్పు ఉడికే వేళకో, బట్టలు ఆరేసే వేళకో ఎక్కడినుంచో ఓ మాట వస్తుంది. ఉప్పెక్కువైందనో, పెరటి తలుపు వేసుకోమనో చెబుతారు. ఎవరి గొంతు వాళ్ళది. ముగ్గురు పెద్దవాళ్ళు ఒకేసారి మాట్లాడినా, ఎవరు మామగారో ఎవరు మేనత్తో కోడళ్ళు ఇట్టే చెప్పేస్తారు.

ఈ రోజు మాత్రం అందరూ ఒకే వాక్యం అంటున్నారు. హోటల్లో అట్లు పోసే సూరాయమ్మ, అట్లకాడ పట్టుకునే బయటికొచ్చి, పొద్దున్న వాళ్ళమ్మ ఏమందో చెబుతుంది. "నేను లేని లోటు తీరనిది" అందట. నిరుడు పోయిన ఎదురింటి ముసలాయనా అదే అన్నాడట. పాలకేంద్రం వాళ్ళ పోయిన చిన్న కోడలూ అదే అందట.

"మాయమ్మ జన్మలో అలా మాట్టాడలేదండి" అంటుంది సూరాయమ్మ. "ఏమే తిక్కమొకమా అనకుండా నోరిప్పేది కాదు. ఆవిడ నోట్లో ఇంకెవరో కూచున్నారండి. కాగితం రాసింది మీరే కదండి గవర్రాజు గారూ. ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదండి."

గవర్రాజు ఇడ్లీల డబ్బులు బల్ల మీద పెడతాడు. ఇలా అయ్యాక మొదట వచ్చే సంవత్సరీకంలోగా మారకపోతే అందరికీ ఆ గొంతే గట్టిపడిపోతుందని పెద్దలు అంటారని కూడా ఆమె చెబుతుంది. ఆ మాట అతనికి తెలుసు. అతని భార్య వీరవేణి సంవత్సరీకం ఎల్లుండే.

గవర్రాజు పని కాగితాలు రాయడం. ఆ ఊళ్ళో పెద్దకార్యం నాడు భోజనాల దగ్గర పోయినవాళ్ళ ఫోటోతో ఒక కాగితం పంచుతారు. తాతాజీ ప్రెస్సులో కూర్చుని పాతికేళ్ళుగా ఆ కాగితాలు రాస్తున్నది గవర్రాజే. మొదట్లో ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళేవాడు. గుమ్మంలో కూర్చుని ఒకే ఒక్క సంగతి అడిగేవాడు. ఆ మనిషి ఊతపదం ఏమిటని. దాన్ని సన్నటి పొడుగాటి నోటు పుస్తకంలో రాసుకుని, కాగితం మొదటి లైన్లో పెట్టేవాడు.

"నాకెందుకొచ్చిన గొడవ అంటూనే ఊరి తగువులన్నీ తీర్చినవాడు" అని ఒక కాగితం మొదలయ్యేది. "చూద్దాం లెండి అంటూనే నలభై ఇళ్ళు కట్టిన మేస్త్రి" అని ఇంకొకటి. జనం విస్తరి ముందు కూర్చుని మొదటి లైను చదివి నవ్వేవారు. రెండో లైను దగ్గర ఏడ్చేవారు. ఏడ్చాక అన్నం బాగా తినేవారు.

రెండేళ్ళ కిందట తాతాజీ కంప్యూటర్లో ఏఐ పెట్టించాడు. పేరు, వయసు, పిల్లలెందరో కొడితే టీ చల్లారేలోగా కాగితం తయారు. ఒక్క తప్పుండదు. ప్రతి కాగితం చివరా "వారు లేని లోటు తీరనిది" అని ఉంటుంది. ఊతపదం కొడితే ఉంచేది, కొట్టకపోతే లేదు. గవర్రాజు మోకాళ్ళ నొప్పులని ఇళ్ళకు వెళ్ళడం మానేశాడు. నొప్పులు నిజమే. బద్ధకం అంతకంటే నిజం.

హోటలు నుంచి ఇంటికి మామూలుగా ఐదు నిమిషాల నడక. ఈ రోజు వీధి గంటసేపు పొడుగైంది. రెండు వైపులా బల్లలు వేసి, వాటి మీద ఈ రెండేళ్ళలో పోయినవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆస్పత్రిలో చీటీ పట్టుకున్నట్టు ఎవరి కాగితం వాళ్ళు పట్టుకున్నారు. గవర్రాజు వస్తుంటే మర్యాదగా కాళ్ళు వెనక్కి తీసుకుంటారు. అతను దణ్ణం పెడితే వాళ్ళూ దణ్ణం పెట్టి, నున్నటి గొంతుతో ఆ వాక్యమే చెబుతారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. అదే అతను భరించలేకపోతాడు.

ఇంట్లో వీరవేణి పొయ్యి పక్కన పీట మీద గోడవైపు తిరిగి కూర్చుని, చింతపండులో పిక్కలు తీస్తోంది. మిగతా ఇళ్ళకు మాటే వస్తుంది. ఇక్కడికి మనిషి కూడా వచ్చింది. పోయినప్పటి నుంచి ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. అలిగిందిలే అనుకుని, అలకైనా ఆమెదేగా అని సరిపెట్టుకున్నాడు.

"నేను లేని లోటు తీరనిది" అంటుంది వీరవేణి, గోడతో.

గవర్రాజుకి భయం వేస్తుంది. సొంత ఇంటి తలుపు కొడితే లోపల్నుంచి ఎవరండీ అని అడిగినట్టుంటుంది. అతను గుమ్మం పట్టుకుని చెప్పులు విడుస్తాడు.

ఒకప్పుడు ప్రతి కాగితం ప్రెస్సుకు ఇవ్వబోయే ముందు ఈ వంటింట్లోనే ఆమెకు చదివి వినిపించేవాడు. ఆమె కూరగాయలు తరుగుతూ వినేది. సగంలో ఏదో ఒక మాటతో అడ్డం తగిలేది. ప్రతిసారీ అదే మాట. మరెలాగే అని అతనడిగితే, పోయినాయన ఎలాంటివాడో అసలు సంగతి చెప్పేది. ఊరంతా మెచ్చుకున్న లైన్లలో సగం ఆమెవే. ఆ అడ్డం తగిలే మాట ఏమిటో ఇప్పుడతనికి గుర్తు రావడం లేదు.

నోటు పుస్తకం తీసి మొదట్నుంచీ చివరిదాకా చూస్తాడు. నాలుగు వందల పన్నెండు మంది ఊతపదాలున్నాయి. వీరవేణిది లేదు. రోజూ వినే మాటను ఎవరు రాసుకుంటారు?

ఆమె పోయిన మూడో రోజున అతను ప్రెస్సుకు వెళ్ళాడు. ఎందుకొచ్చావని తాతాజీ కసిరినా వినకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పేరు కొట్టాడు, వయసు కొట్టాడు. పిల్లలు అన్నచోట సున్నా కొట్టాడు. అప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఆమె ఎలా మాట్లాడేవారు, ఆమెకు మాత్రమే చెందిన సంగతులు ఏమైనా ఉన్నాయా అని.

అతను "లేవు" అని కొట్టాడు.

రాయడం మొదలుపెడితే తాతాజీ ముందు ఏడ్చేస్తానని భయపడ్డాడు. అంతకు మించి కారణం లేదు. కాగితం వచ్చింది, మూడు వందలు అచ్చయ్యాయి, ఆమె ఆదర్శ గృహిణి అయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్ళూ అతను ఆ యంత్రాన్నే తిట్టుకున్నాడు. అడిగింది యంత్రం. లేవన్నది తను.

ఇప్పుడతను తెల్లకాగితం, ఇంకు పెన్ను తెచ్చుకుని ఆమె వెనకాల నేల మీద కూర్చుంటాడు. ఒక లైను రాసి, పాత రోజుల్లోలాగే పైకి చదువుతాడు.

"వీరవేణికి నేను పెట్టే టీ నచ్చేది కాదు. అయినా తాగేది."

"నేను లేని లోటు" అంటుంది వీరవేణి. చివరి మాట రాలేదు.

గవర్రాజు గబగబా ఇంకో లైను రాస్తాడు. కోపమొస్తే తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదని.

"నేను లేని" అంటుంది ఆమె.

మూడో లైను రాయడానికి చాలాసేపు పడుతుంది. కిటికీలోంచి పడే ఎండ ఈలోగా గోడ దిగి, గది దాటి, ఎదుటి గోడ ఎక్కుతుంది. "ఆస్పత్రిలో ఆఖరి రోజున నన్ను ఇంటికెళ్ళి పడుకోమంది. వెళ్ళాను. నిద్ర కూడా పట్టింది."

"నేను" అంటుంది వీరవేణి.

"నువ్వెలా మాట్లాడేదానివో నన్నడిగితే ఏమీ లేదన్నాను" అని రాసి చదువుతాడు.

వీరవేణి నోరు తెరుస్తుంది. ఏ మాటా రాదు. ఆ వాక్యం అయిపోయింది, దాని చోట ఇంకేమీ లేదు. గవర్రాజు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. తప్పుడు మాటను తుడవబోయి ఉన్న ఒక్క మాటా తుడిచేశాననుకుంటాడు. వీధిలో బల్లల మీదివాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

ఏదేమైనా కాగితం ముగించాలి. పాతికేళ్ళ అలవాటు కొద్దీ అతని చెయ్యి చివరి లైను తనే రాసేస్తుంది. దాన్ని కాగితాల గొంతుతోనే చదువుతాడు.

"మా ముప్పై రెండేళ్ళ కాపురంలో ఏనాడూ మాటా మాటా అనుకున్నది లేదు."

పిక్కలు తీస్తున్న చెయ్యి ఆగుతుంది. వీరవేణి భుజం కొంచెం పైకి లేస్తుంది.

"అలాక్కాదులే గానీ" అంటుంది.

అదే మాట. కాస్త బొంగురుగా, బుగ్గన చింతపండు పెట్టుకున్నట్టుగా ఉంది. ఏడుపులోనే గవర్రాజుకి నవ్వొస్తుంది. గుమ్మంలో ఎవరో ఊపిరి వదులుతారు. పోయినవాళ్ళకు ఊపిరెక్కడిదని అతను అడగడు.

ఆమె ఆ తర్వాత ఆగిపోయింది. ఎందుకాగిందో అతనికి తెలుసు. ఇక్కడ తను అడగాలి.

"మరెలాగే వీరవేణీ?"

ఆమె పీట మీద ఇటు తిరుగుతుంది. అప్పుడే గడప కింద నుంచి సన్నటి నల్లటి బారు లోపలికి వస్తుంది. చీమలనుకుని వంగి చూస్తాడు. అక్షరాలు. ఇంటింటా అద్దం కట్టించి గోడకు తగిలించిన కాగితాల్లోంచి దిగి, కాలవగట్టు దాటి నడిచొస్తున్నాయి. వాటికి దారివ్వడానికి వీరవేణి చింతపండు పళ్ళెం పక్కకు జరుపుతుంది. గుమ్మంలోవాళ్ళ చేతుల్లో కాగితాలు తెల్లబడతాయి. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని, తమ వంతు కోసం వరసగా నేల మీద కూర్చుంటారు. ముందు వరసలో సూరాయమ్మ వాళ్ళమ్మ ఉంది.

అక్షరాలు పాళీ మీదుగా పెన్నులోకి ఎక్కుతాయి. పెన్ను నిండి బరువెక్కుతుంది. చోటు దొరకనివి అతని మణికట్టు ఎక్కుతాయి. గవర్రాజు దులుపుకోడు.

వీరవేణి కాపురంలో మొదటిసారి తామిద్దరూ ఎందుకు దెబ్బలాడుకున్నారో మొదట్నుంచీ చెప్పడం మొదలుపెడుతుంది. అతను రాస్తాడు. మోచేతి దాకా వచ్చిన అక్షరాలు అక్కడ ఆగి, ఆమె వైపు తిరిగి, వింటాయి.