అరగ్లాసు పాలు

పళ్ల ఆసుపత్రిలో కూర్చుని, వాళ్లిచ్చిన కాగితాన్ని అమ్మమ్మ మూడోసారి చదివింది. బడి మెట్లెక్కకపోయినా, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి. చేతికొచ్చిన అక్షరాన్ని చివరిదాకా చదవందే వదలదు.

"నిద్రమందు ఇవ్వబోయే పిల్లలకు ఆరు గంటల ముందు నుంచి పాలు కూడా పట్టరాదు. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం."

ఆ మాట మీదే ఆమె వేలు ఆగింది.

పొద్దున "దానికేమీ పెట్టకమ్మా" అని కూతురంటే తలూపింది. కానీ ఆ ఇంట్లో ఎవరినీ ఖాళీ కడుపుతో గడప దాటనివ్వదు ఆవిడ. కూతురు స్నానానికి వెళ్లగానే ఆరేళ్ల మనవరాలికి అరగ్లాసు పాలు పట్టి మూతి తుడిచేసింది. గెంతులు తప్ప నడక తెలియని ఆ పిల్లని ఇంట్లో అందరూ మిడత అంటారు.

"పిల్లకి పాలు పట్టానే" అంది ఇప్పుడు కూతురి చెవిలో.

కూతురి మొహం మాడిపోయింది. "చెప్పానా లేదా? ఈ రోజు కోసం రెండు నెలలు ఆగాం. అరగ్లాసేగా, ఏం కాదు. నువ్వు నోరు మెదపకు."

"మెదుపుతాను."

అంతలో నర్సు వచ్చింది. "పాప ఏమైనా తిందా?"

"లేదండీ" అనేసింది కూతురు.

అమ్మమ్మ లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది. "తాగింది. ఏడు గంటలకి నేనే పట్టాను. తిట్లు నాకు పెట్టండి, మత్తు మాత్రం దానికి పెట్టకండి."

డాక్టరమ్మ బయటికొచ్చింది. "అయితే ఇవాళ కుదరదు మామ్మగారూ. రెండు నెలలాగి రండి."

"అన్నాళ్లూ ఆ పన్నుపోటు మీరు పడతారా? మీ కాగితంలోనే ఇంకో దారి రాశారుగా! ముక్కుకి పెట్టే గ్యాసట, పిల్ల మెలకువగానే ఉంటుందట."

డాక్టరమ్మ గడియారం చూసింది. పది దాటింది. "గ్యాసుకైతే ఆ పాలతో ఇబ్బంది లేదు. కానీ కదలకుండా కూర్చోవాలి. పోయినసారి నా వేలు కొరికింది."

"ఆకలేసుంటుంది. ఇవాళ పాలు తాగిందిగా!"

నర్సు ఫక్కున నవ్వింది. డాక్టరమ్మ పెదవి బిగించి నవ్వాపుకుంది. "సరే. పాప చెప్పులు తీసుకుని మీరు బయటే ఉండండి."

"ఉండను."

చిన్నప్పుడు అమ్మమ్మ ఇలాంటి ఆసుపత్రి తలుపు దగ్గరే చెల్లెలి చెయ్యి వదిలింది. దాని చెప్పులు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. ఇంటికి చెప్పులే వచ్చాయి.

"ఒకసారి బయట కూర్చున్నానమ్మా. ఇక కూర్చోను. గెంటినా వెళ్లను."

ఎవరూ గెంటలేదు. ముక్కుకి మెత్తటి తొడుగు పెట్టుకుని మిడత కుర్చీలో వాలింది. కాసేపటికి కళ్లు తేలిపోతున్నట్టు మెరిశాయి. చిగుళ్లకి సూది వేసినా ఉలిక్కిపడలేదు. అమ్మమ్మ మాత్రం దాని పాదాన్ని రెండు చేతులా పట్టుకునే ఉంది.

"వదులు అమ్మమ్మా, చక్కిలిగింత!"

"వదలను. నవ్వుకో."

పుచ్చిన పన్ను పళ్లెంలో టంగుమంది. లోపలికొచ్చిన కూతురు మిడత చెప్పుల కోసం వంగబోతే అమ్మమ్మ చెయ్యి అడ్డుపెట్టింది.

"నువ్వాగు. దాని చెప్పులు అదే వేసుకుంటుంది."